కొక్కెం వేసి లాగిన వలస: మెక్సికో నుంచి అమెరికాకు

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మెక్సికో వలస అనగానే టీవీలో చూసిన ఇనుప గోడ, ఎడారి, చీకట్లో టార్చిలైట్లు గుర్తొస్తాయి. ఆ గోడ నిన్న మొన్నటిది. దానికి ముందు వందేళ్లలో ఎక్కువ కాలం అమెరికా ఈ మనుషుల్ని ఆపలేదు. ఏజెంట్లను పంపి, బండి ఖర్చులు పెట్టి మరీ పిలిపించుకుంది. ఈరోజు ఆ పిలుపు గురించే ఎక్కువగా మాట్లాడతాను.

మెక్సికో వాళ్లు ఎందుకు వెళ్లారని ఎవరినడిగినా పేదరికం అంటారు. అది అబద్ధం కాదు, కానీ సరిపోదు. మెక్సికో పటం ముందు పెట్టుకోండి. దేశంలో నిరుపేద రాష్ట్రాలు దక్షిణాన ఉన్నాయి: చియాపస్, వహాకా. పేదరికమే అసలు కారణమైతే అందరికంటే ముందు వాళ్లు వెళ్లాలి కదా. ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువ భాగం అమెరికా వెళ్లినవాళ్లు మాత్రం పశ్చిమ మధ్య పీఠభూమి వాళ్లు, అంటే హలిస్కో, మిచోవకాన్, గ్వానహ్వాతో, సకతేకస్ రాష్ట్రాల వాళ్లు. చియాపస్ నుంచి పెద్దసంఖ్యలో కదలడం 1990లు దాటాకే. ఎందుకంటే పీఠభూమి గుండా రైలు వెళ్లింది, ఆ రైలెక్కి ఏజెంట్లు వచ్చారు.

1876 నుంచి 1911 దాకా మెక్సికోను, మధ్యలో ఒక్క నాలుగేళ్లు తప్ప, పోర్ఫీరియో దియాజ్ ఏలాడు. ఆయన కాలంలో సర్వే కంపెనీలు ‘బంజరు’ పేరుతో భూములు కొలిచి, కొలిచిన దాంట్లో మూడో వంతు కూలి కింద తీసుకున్నాయి. ఊరి ఉమ్మడి భూములు హసియెండాల్లో, అంటే మన జమీందారీల్లాంటి పెద్ద ఎస్టేట్లలో, కలిసిపోయాయి. 1910 నాటికి పల్లెల్లో అత్యధిక కుటుంబాలకు సెంటు భూమి లేదు. మొక్కజొన్న ధర పెరుగుతోంది, కూలి రేటు పెరగట్లేదు. సరిగ్గా ఈ కాలంలోనే, 1884లో, మెక్సికో సిటీ నుంచి అమెరికా సరిహద్దు పట్నం ఎల్ పాసో దాకా రైలు మార్గం పూర్తయింది. భూమి పోయినవాడి ముందుకు టికెట్టు వచ్చి నిలబడింది.

అవతలి వైపు ఏం జరుగుతోందో చూడాలి. కాలిఫోర్నియా, నెవాడా, యూటా, న్యూ మెక్సికో, అరిజోనా ప్రాంతాలు 1848 దాకా మెక్సికోవే. యుద్ధంలో ఓడాక గ్వాదలూపే ఇదాల్గో ఒప్పందం ప్రకారం కోటిన్నర డాలర్లకు దేశంలో దాదాపు సగం అమెరికాకు పోయింది. ఆ కొత్త భూముల్లో రైలు పట్టాలు వెయ్యాలి, గనులు తవ్వాలి, కాలువల కింద చక్కెర దుంప, పత్తి పండించాలి. మొదట చైనా వాళ్లతో చేయించారు. 1882లో చట్టం చేసి చైనా కూలీలు రావడం ఆపారు. తర్వాత జపాన్ వాళ్లు వచ్చారు. 1907లో జపాన్ ప్రభుత్వంతో మాట్లాడుకుని వాళ్లనూ ఆపారు. మిగిలింది పొరుగునున్న మెక్సికో.

అప్పుడు పుట్టిన పద్ధతి పేరు ‘ఎన్‌గాంచె’. స్పానిష్‌లో ‘గాంచో’ అంటే కొక్కెం, ఎన్‌గాంచె అంటే కొక్కేనికి తగిలించడం. ఏజెంటు ఊరికొస్తాడు, రైలు ఛార్జీ, దారి ఖర్చు, ఇంట్లో వదిలి వెళ్లడానికి నాలుగు డబ్బులు అడ్వాన్సిస్తాడు. పనిలో చేరాక అది కూలిలోంచి కోసుకుంటాడు. పాలమూరు మేస్త్రీల సంగతి తెలిసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. అడ్వాన్సు తీరేదాకా మనిషి మేస్త్రీ చేతిలో ఉంటాడు, తీరేలోపు ఇంకో అవసరం వస్తుంది. ఎల్ పాసోలో ఏజెన్సీలు రైలు కంపెనీల కోసం పట్టాల పనికి ముఠాలు ముఠాలుగా మనుషుల్ని ఎక్కించేవి. పెట్టెబండ్లలోనే కాపురం.

1910లో విప్లవం మొదలైంది. పదేళ్ల అంతర్యుద్ధం, ఆ తర్వాత 1926 నుంచి 1929 దాకా క్రిస్తెరో తిరుగుబాటు, అంటే చర్చి మీద ప్రభుత్వం పెట్టిన ఆంక్షలకు ఎదురుతిరిగిన కేథలిక్కుల పోరు. ఈ రెండోది చెలరేగిందీ హలిస్కో, గ్వానహ్వాతో, మిచోవకాన్ వైపే. అప్పటికే తోవ తెలిసిన ఊళ్లకు పారిపోవడానికి ఇంకో కారణం దొరికింది.

1917వ సంవత్సరం దగ్గర కాస్త ఆగుదాం. ఆ ఏడు అమెరికా కొత్త చట్టం తెచ్చింది. లోపలికి రావాలంటే ఏదో ఒక భాషలో చదవడం రావాలి, తలకు 8 డాలర్ల పన్ను కట్టాలి. కొన్ని నెలలు తిరక్కుండానే పెద్ద రైతులు, రైలు కంపెనీలు గోల పెట్టాయి. దాంతో యుద్ధం పేరు చెప్పి మెక్సికో కూలీలకు ఆ రెండు షరతులూ ఎత్తేశారు. అంటే చట్టం పుట్టిన ఏడాదే దానికి దొడ్డిదారి పుట్టింది. అదే ఏడాది జనవరిలో ఎల్ పాసో వంతెన దగ్గర, రోజూ అవతలి మెక్సికో పట్నం హ్వారెస్ నుంచి పనికొచ్చే వాళ్లందరి బట్టలూ విప్పించి, స్నానం చేయించి పేలమందు పెట్టడం మొదలెట్టారు. టైఫస్ జ్వరం భయం అని కారణం చెప్పారు. తలకు కిరోసిన్. అంతకు ముందు సంవత్సరం ఆ ఊరి జైల్లో ఇలాంటి స్నానం చేయిస్తుండగా నిప్పంటుకుని 20 మందికి పైగా ఖైదీలు చనిపోయారు. ఆ సంగతి జనానికి తెలుసు. జనవరి 28న ఇళ్లలో పని చేసుకునే 17 ఏళ్ల కార్మెలీతా తోర్రెస్ ట్రాము దిగనంది. గంటల్లో వేలమంది ఆడవాళ్లు వంతెన మీద ట్రాములు ఆపేశారు. ఆ స్నానాలు మాత్రం ఆగలేదు, దశాబ్దాల పాటు సాగాయి. పనికి రావాలి, కానీ ముందు శుద్ధి చేయించుకుని రావాలి.

1924లో అమెరికా దేశాలవారీగా కోటాలు పెట్టింది. దక్షిణ, తూర్పు యూరప్ వాళ్లకు తలుపులు దాదాపు మూసేసింది, ఆసియా వాళ్లకు పూర్తిగా మూసేసింది. మెక్సికోకు మాత్రం కోటా లేదు. నైరుతి రాష్ట్రాల రైతులు కాంగ్రెస్‌లో పట్టుబట్టి లేకుండా చేయించుకున్నారు. వీళ్లు పిట్టల్లాంటివాళ్లు, పని అయ్యాక గూటికి పోతారు, ఇక్కడ ఉండిపోరు అన్నది వాళ్ల వాదన. సరిహద్దు కాపలా దళం, బోర్డర్ పెట్రోల్, పుట్టిందీ అదే 1924లో. 1929లో అనుమతి లేకుండా సరిహద్దు దాటడాన్ని మొదటిసారి క్రిమినల్ నేరం చేశారు. కోటా పెట్టకుండా, అవసరమైనప్పుడు జైల్లో పెట్టడానికి వీలుగా ఏర్పాటు చేసుకున్నారన్నమాట.

ఆ అవసరం వెంటనే వచ్చింది. 1929 మాంద్యంలో పనులు పోయాయి. 1931 ఫిబ్రవరి 26న లాస్ ఏంజెలెస్‌లోని లా ప్లసీతా పార్కును చుట్టుముట్టి సుమారు 400 మందిని నిలబెట్టి కాగితాలు అడిగారు. పట్టుకున్నది కొద్దిమందినే, దాని పని భయపెట్టడం. కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటి స్థానిక ప్రభుత్వాలు, సహాయం డబ్బు ఆపేస్తామని చెప్పి, రైలు టికెట్లు తామే కొని కుటుంబాలను ఎక్కించాయి. ఎంతమంది పోయారన్నదానికి అంచనాలు నాలుగు లక్షల నుంచి పది లక్షలు దాటి ఉన్నాయి. అందులో సగానికి పైగా అమెరికాలో పుట్టిన పౌరులేనని అంచనా. స్పానిష్‌లో చదవడం కూడా రాని పిల్లలు తమ ‘స్వదేశానికి’ మొదటిసారి వెళ్లారు. కాలిఫోర్నియా రాష్ట్రం దీనికి క్షమాపణ చెబుతూ చట్టం చేసింది 2005లో.

పదేళ్లు దాటాయో లేదో, మళ్లీ పిలుపొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం. 1942 ఆగస్టు 4న రెండు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. దాన్ని బ్రసెరో కార్యక్రమం అంటారు. ‘బ్రాసో’ అంటే చేయి, బ్రసెరో అంటే చేతుల కష్టం చేసేవాడు. యుద్ధం మూడేళ్లలో ముగిసింది, ఒప్పందం 1964 దాకా 22 ఏళ్లు నడిచింది. మొత్తం దాదాపు 46 లక్షల కాంట్రాక్టులు. ఒక్కో మనిషి మళ్లీ మళ్లీ వెళ్లాడు కాబట్టి మనుషుల సంఖ్య అంతకంటే తక్కువ.

కాగితం మీద షరతులు బాగున్నాయి. గంటకు కనీసం 30 సెంట్లు, లేదా ఆ ప్రాంతంలో నడుస్తున్న రేటు, ఏది ఎక్కువైతే అది. ఉచిత వసతి. రానూపోనూ ఖర్చులు. కాంట్రాక్టు రోజుల్లో నాలుగింట మూడొంతులకు పని చూపించాలి, చూపించకపోయినా కూలి ఇవ్వాలి. ఈ నాలుగింట మూడొంతుల మాట గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని ఉంది. వివక్ష ఎక్కువని టెక్సాస్‌కు మనుషుల్ని పంపనని మెక్సికో 1947 దాకా భీష్మించుకుంది. ఒక పేద దేశం అమెరికాలోని ఒక రాష్ట్రాన్ని బ్లాక్‌లిస్టులో పెట్టింది, ఇది చాలామందికి తెలియదు. ఫలితం? టెక్సాస్ రైతులు కాగితాల్లేని వాళ్లను పెట్టుకున్నారు.

ఇప్పుడు ఒక మనిషి ఈ కాంట్రాక్టు సంపాదించడానికి 1950ల్లో ఏం చేయాలో వరసగా చూద్దాం. ముందు ఊరి మునిసిపల్ అధ్యక్షుడి దగ్గర పేరు రాయించుకోవాలి. ఊరికిన్ని పేర్లని లెక్క, కాబట్టి చేయి తడపాలి. దీన్ని అక్కడ ‘మోర్దీదా’ అంటారు, అంటే కాటు. ఆ లంచానికి ఆవునో మేకనో అమ్మాలి, లేదా నెలవడ్డీకి తేవాలి. తర్వాత సొంత ఖర్చుతో సొనోరా రాష్ట్రంలోని ఎంపాల్మే లాంటి నియామక కేంద్రానికి రావాలి. అక్కడ వేలమంది చెట్ల కింద, పట్టాల పక్కన వారాలు వారాలు పడిగాపులు. ఇంకో మెలిక ఏమిటంటే, జాబితాలోకి ఎక్కాలంటే సొనోరా రైతుల దగ్గర ముందు రెండు వేల కిలోల పత్తి ఏరి చీటీ తెచ్చుకోవాలి. రెండు వేల కిలోలంటే ఇరవై క్వింటాళ్లు. మనలో పత్తి చేలు ఎరిగినవాళ్లు ఆ పని ఎన్ని రోజులు పడుతుందో లెక్కేసుకోండి. అమెరికా కూలి ఆశ చూపించి మెక్సికో భూస్వామి తన పత్తి ఏరించుకున్నాడు.

పేరు పిలిచాక అరచేతులు చూస్తారు. కాయలు కాచి ఉండాలి, మెత్తగా ఉంటే పట్నం వాడని వెనక్కి. పట్నం కుర్రాళ్లు చేతులకు కాయలు కాయించుకుని వచ్చేవాళ్లు. ఆ తర్వాత బట్టలు విప్పించి వరసలో నిలబెట్టి పరీక్ష, క్షయకు ఛాతీ ఎక్స్‌రే, వేలిముద్రలు. సరిహద్దు దాటాక అవతలి కేంద్రంలో గుడ్డలూ సంచులూ సహా ఒళ్లంతా డీడీటీ పొడి కొట్టేవాళ్లు. 1956లో తీసిన ఫోటో ఉంది: ముఖానికి గుడ్డ మాస్కు కట్టుకున్న ఉద్యోగి, ఏ అడ్డూ లేని కూలీ ముఖం మీదికే పంపు. చివర రైతు సంఘాల ప్రతినిధులు వరసలో తిరిగి ఎంచుకుంటారు. కాంట్రాక్టు ఆరు వారాల నుంచి ఆరు నెలల దాకా. యజమాని నచ్చకపోతే వేరేచోట చేరడానికి లేదు, కాంట్రాక్టు వదిలితే అక్రమంగా ఉన్నట్టే. తిండికి రోజుకు డాలరు 75 సెంట్లు కూలిలోంచి కోత.

పనిముట్టు గురించి కూడా చెప్పాలి. లెట్యూస్ ఆకుకూర, చక్కెర దుంప నారు ఒత్తుగా మొలుస్తాయి, పలచన చేయాలి. దానికిచ్చే పార పిడి రెండడుగులు కూడా ఉండదు. ‘ఎల్ కోర్తీతో’ అనేవాళ్లు, అంటే పొట్టిది. పొడుగు పిడితో పని పాడవుతుందని యజమానుల వాదన. అసలు సౌలభ్యం వేరే ఉంది. పిడి పొట్టిదైతే పనిచేసేవాడు వంగే ఉండాలి, ఎవరు నడుం ఎత్తినా గట్టు మీది మేస్త్రీకి దూరం నుంచే కనబడుతుంది. రోజుకు పది పన్నెండు గంటలు అలా వంగితే వెన్నుపూసల మధ్య గుజ్జు అరిగిపోతుంది. డాక్టర్ల సాక్ష్యాల మీద కాలిఫోర్నియాలో దీన్ని 1975లో నిషేధించారు. పొడుగు పారలొచ్చాక లెట్యూస్ పండటం ఆగలేదు.

డబ్బు సంగతి. 1940ల్లో కూలిలో పది శాతం పొదుపు పేరుతో పట్టుకుని, అమెరికా బ్యాంకు ద్వారా మెక్సికో వ్యవసాయ బ్యాంకుకు పంపారు. తిరిగొచ్చాక తీసుకోవాలి. ఆ సంగతి చాలామందికి చెప్పనే లేదు. తెలిసి వెళ్లినవాళ్లకు ఇక్కడ లేదు, అక్కడ అడుగు అన్నారు. 2000ల మధ్యలో మెక్సికో ప్రభుత్వం ఒక్కొక్కరికి 38,000 పెసోలు ఇస్తానంది, అదీ అసలు కాంట్రాక్టో జీతం చీటీయో చూపిస్తే. అరవై ఏళ్ల నాటి చీటీ! ట్రంకు పెట్టెలో భార్య దాచి ఉంచిన కుటుంబాలకు దక్కింది.

1963 సెప్టెంబరు 17న కాలిఫోర్నియాలోని చువలార్ దగ్గర, సెలెరీ చేలలో పని ముగించుకుని వస్తున్న బ్రసెరోల బండిని పట్టాల మీద రైలు గుద్దింది. 32 మంది చనిపోయారు. అది బస్సు కాదు, పై కప్పు బిగించి రెండు వైపులా బల్లలు వేసిన లారీ. ఇక ఈ కార్యక్రమాన్ని ఎత్తేయాలన్న వాదనకు బలం వచ్చింది, 1964 ఆఖరుకు ఆగిపోయింది.

కాంట్రాక్టులు నడుస్తున్న రోజుల్లోనే పక్కన ఇంకో పని నడిచింది. 1954లో బోర్డర్ పెట్రోల్ దాడులతో లక్షలమందిని తరిమేశారు, పది లక్షలు దాటిందని వలస శాఖే చెప్పుకుంది, ఆ లెక్క మీద చరిత్రకారులకు అనుమానాలున్నాయి. ఆ దాడులకు పెట్టిన పేరు ఒక తిట్టు, ఇక్కడ పలకను. దాని తర్వాత రెండేళ్లకు, 1956లో, కాంట్రాక్టులు ఒక్క ఏడాదే నాలుగు లక్షల 40 వేలు దాటాయి. ఒక చేత్తో తరిమి, ఇంకో చేత్తో రాయించుకున్నారు. 1952 చట్టంలో ఇంకో వాక్యం ఉంది: అక్రమంగా వచ్చినవాడికి ఆశ్రయమివ్వడం నేరం, పని ఇవ్వడం మాత్రం ఆశ్రయం కిందికి రాదు. టెక్సాస్ రైతుల కోసం చేర్చిన వాక్యమిది.

ఇక్కడే అసలు మలుపు. 1950ల చివర ఏటా సుమారు నాలుగున్నర లక్షల మంది కాంట్రాక్టు మీద, యాభై వేల మంది శాశ్వత నివాసానికి చట్టబద్ధంగా వచ్చేవాళ్లు. 1964తో మొదటిది సున్నా. 1965 చట్టంతో, 1968 నుంచి, పశ్చిమార్ధగోళం, అంటే ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల దేశాలు, మొత్తానికి ఏటా 1,20,000 పరిమితి. 1976లో దేశానికి 20,000 మాత్రమే అన్నారు. సొంత పొరుగు దేశానికీ, ఎక్కడో ఉన్న చిన్న దేశానికీ ఒకటే గీత. అది తర్వాత మొత్తం కోటాలో దేశానికి ఏడు శాతంగా మారింది. హైదరాబాద్, విజయవాడ పిల్లలు గ్రీన్ కార్డు కోసం ఏళ్లతరబడి కూర్చునే క్యూ ఉంది చూడండి, దాని మూలం ఆ ఏడు శాతమే. మెక్సికోలో ఉన్న అన్నదమ్ముల కోసం అమెరికా పౌరుడు పెట్టుకున్న దరఖాస్తుకు ఇరవై ఏళ్లు దాటినా పిలుపు రాదు.

చేలు అలాగే ఉన్నాయి, సీజన్లు అలాగే ఉన్నాయి, ఏ మేస్త్రీ దగ్గరికి వెళ్లాలో ఆ ఊళ్లకు 22 ఏళ్లుగా తెలుసు. అదే మనిషి అదే చేనుకు వెళ్లాడు, ఇప్పుడు అతని పేరు అక్రమ వలసదారు. అయినా అప్పట్లో చాలామంది తిరిగి వచ్చేవాళ్లు. 1965 నుంచి 1980ల మధ్య దాకా కాగితాల్లేని ప్రవేశాలు సుమారు 2 కోట్ల 80 లక్షలుంటే, తిరుగు ప్రయాణాలు 2 కోట్ల 30 లక్షలని సామాజిక శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పత్తికి పోయి పండక్కి వచ్చే వ్యవహారం. ఎందుకంటే మళ్లీ వెళ్లడం తేలిక.

1980లు త్వరగా చెప్పేస్తాను. 1982 ఆగస్టులో అప్పులు కట్టలేనని మెక్సికో చేతులెత్తేసింది, పెసో కుప్పకూలింది. 1970 ప్రాంతంలో ఒక్కో తల్లికి ఆరేడుగురు పిల్లలు పుట్టేవాళ్లు, ఆ పిల్లలు సరిగ్గా ఇప్పుడే పని వయసుకొచ్చారు. 1986లో అధ్యక్షుడు రీగన్ సంతకం పెట్టిన చట్టం సుమారు 27 లక్షల మందికి కాగితాలిచ్చింది, ఎక్కువ మంది మెక్సికో వాళ్లే. అక్రమంగా పని ఇచ్చే యజమానికి శిక్ష అని కూడా అదే చట్టంలో ఉంది. కానీ కార్డు చూడ్డానికి నిజమైనదిలా ఉంటే చాలు, యజమాని తప్పు లేదు. దొంగ కార్డుల వ్యాపారం పెరిగింది. పెద్ద రైతులు సొంతంగా కూలీలను పెట్టుకోవడం మాని కాంట్రాక్టరుకు అప్పగించారు, పట్టుబడితే అతనే పడతాడు. కొక్కెం మళ్లీ వచ్చింది.

నాఫ్టా వల్లే, అంటే అమెరికా, మెక్సికో, కెనడాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం వల్లే, అంతా జరిగిందనే వాదన వింటుంటాం. 1994 జనవరి 1న ఆ ఒప్పందం మొదలైంది. అంతకు ముందే, 1992లో, రాజ్యాంగం మార్చి ‘ఎహీదో’ అనే ఊరి ఉమ్మడి భూములు అమ్ముకోవడానికి దారి తెరిచారు. సబ్సిడీతో పండిన అమెరికా మొక్కజొన్న దిగుమతి అయింది, మొక్కజొన్న కొనే ప్రభుత్వ సంస్థ కొనాసూపో 1999లో మూతపడింది. 1994 డిసెంబరులో పెసో మళ్లీ పడి, డాలరుకు మూడున్నర లోపు ఉన్నది కొన్ని నెలల్లో ఏడు దాటింది. వహాకా, వెరాక్రూజ్, చియాపస్ చిన్న రైతులు కదలడానికి ఇవి కారణాలే. అయితే తోవను నాఫ్టా వెయ్యలేదు, వేసి ఉన్న తోవలోకి కొత్త ఊళ్లను నెట్టింది.

అదే ఏడాది సరుకులకు గేటు తీసి మనుషులకు వేశారు. 1993లో ఎల్ పాసోలో, 1994 అక్టోబరులో శాన్ డియేగోలో పట్నాల దగ్గర కాపలా బిగించారు. ఎడారి వైపు ఎవరూ పోరనుకున్నారు. పోయారు. అరిజోనా ఎడారిలో ఎండాకాలం నడిచే మనిషికి రోజుకు ఎనిమిది లీటర్ల నీళ్లయినా కావాలి. నాలుగు రోజుల నడకంటే 32 కిలోల బరువు, ఎవరూ మోయలేరు. ఎండకు మెరిసి కాపలావాళ్లకు కనబడకుండా నీళ్ల క్యాన్లు నల్లవి కొంటారు, నల్ల క్యాన్లో నీళ్లు ఇంకా వేడెక్కుతాయి. 1998 తర్వాతి రెండు దశాబ్దాల్లో బోర్డర్ పెట్రోల్ లెక్కల్లోనే 7,000కు పైగా శవాలు. దాటించేవాణ్ని ‘పోయెరో’ అంటారు, అంటే కోళ్ల వ్యాపారి. దాటేవాళ్లు కోళ్లు. వాడి రేటు ఎన్నో రెట్లు పెరిగింది.

అంత పెట్టి దాటినవాడు పండక్కి ఇంటికెళ్తాడా? వెళ్లడు. ఉండిపోతాడు, పెళ్లాం బిడ్డల్ని రప్పించుకుంటాడు. 1996 చట్టం దీనికి తాళం వేసింది. అనుమతి లేకుండా 180 రోజులు దాటి ఉండి బయటికెళ్తే మూడేళ్లు, ఏడాది దాటి ఉంటే పదేళ్లు రాకూడదు. చాటుగా దాటి వచ్చి, ఏడాది పైన ఉండి, అమెరికా పౌరురాలిని పెళ్లి చేసుకున్న మనిషిని తీసుకోండి. గ్రీన్ కార్డు ఇంటర్వ్యూ హ్వారెస్‌లోని అమెరికా కాన్సులేట్‌లో. ఇంటర్వ్యూకని సరిహద్దు దాటిన క్షణాన పదేళ్ల నిషేధం పడుతుంది, మినహాయింపు దొరికితే తప్ప. కాగితం తెచ్చుకోవడానికి వెళ్తే కాగితం రాదు. 1990లో 43 లక్షలున్న, మెక్సికోలో పుట్టిన వలసదారులు 2007 నాటికి సుమారు కోటి 25 లక్షలయ్యారు.

ఆ తర్వాత తగ్గారు. ఇళ్ల నిర్మాణం కూలింది, మెక్సికోలో తల్లికి ఇద్దరు పిల్లలే అయ్యారు. 2009 నుంచి 2014 మధ్య వచ్చినవాళ్లు 8 లక్షల 70 వేలైతే వెళ్లినవాళ్లు పది లక్షలు.

(సభలోంచి ప్రశ్న: అంటే ఇప్పుడు బ్రసెరోలు లేనట్టేనా సార్?)

ఉన్నారమ్మా, పేరు మారింది. హెచ్-2ఏ వీసా అంటారు. 2023లో మూడు లక్షలకు పైగా ఇచ్చారు, పదింట తొమ్మిది మెక్సికో వాళ్లకే. వసతి యజమానిదే. సగం కాంట్రాక్టు పూర్తయితే వచ్చిన ఖర్చు తిరిగివ్వాలి. నాలుగింట మూడొంతుల పని గ్యారంటీ, 1942 నాటి మాటే ఇంకా ఉంది. యజమానిని మార్చుకునే వీలు, అప్పట్లాగే, లేనట్టే. కూలీ దగ్గర నియామక రుసుము తీసుకోకూడదని రూలుంది. ఊళ్లో మధ్యవర్తి తీసుకుంటూనే ఉంటాడు, మాంటెర్రేలో కాన్సులేట్ ఇంటర్వ్యూలో ఏమన్నా కట్టావా అని అడిగితే లేదు అని చెప్పమని ముందే నేర్పిస్తాడు. దానికి రసీదు ఉండదు. కూలీ వచ్చే జనవరిలో మళ్లీ అతని దగ్గరికే వెళ్లాలి, పేరు రాసేది అతనే కాబట్టి.